సీడెడ్ అంటే విత్తనం కాదు

కొత్త సినిమా విడుదలైన నాలుగు రోజులకల్లా ఒక పట్టిక వెలువడుతుంది. నైజాం ఇన్ని కోట్లు, సీడెడ్ ఇన్ని కోట్లు, ఉత్తరాంధ్ర ఇన్ని, తూర్పు, పడమర, కృష్ణా, గుంటూరు, నెల్లూరు ఇన్నేసి. ఆ అంకెల కోసం అభిమానులు తన్నుకుంటారు. అవి నిజమా, కల్పితమా అన్న తగవు నాకు పట్టదు. నా తగవంతా ఆ రెండవ గడిలోని మాటతోనే.

సీడెడ్ అంటే ఏమిటి?

డోనులో నేనెరిగిన కొందరిని వేర్వేరు సందర్భాలలో ఈ ప్రశ్న అడిగాను. రాయలసీమ అని అందరూ చెప్పారు. అది సరే, ఆ మాటకు అర్థమేమిటని మళ్ళీ అడిగితే జవాబులు తలో దారి పట్టాయి. నంద్యాల వైపు సీడు పత్తి వేసే రైతు ఒకాయన తడుముకోకుండా చెప్పాడు. "సీడు అంటే ఇత్తనం గదన్నా. మనవైపు సీడు ఎక్కువ పండిస్తారు, అందుకే సీడెడ్డు అని పెట్టినారు." ఇంటరు చదివే కుర్రవాడు టెన్నిసు ఆటలోని సీడింగును తెచ్చాడు. మంచి ఆటగాళ్ళకు ముందుగా వరుస ఇచ్చినట్టు, సినిమాలు బాగా ఆడే ప్రాంతానికి ఇచ్చిన బిరుదు కాబోలునట. విశ్రాంత ఉపాధ్యాయులు ఒకరు మాత్రం నవ్వి, "అది మన కొనుగోలు చీటీ నాయనా" అన్నారు. ఆ ఒక్కరికే తెలుసు.

ఆంగ్లంలో ఈ పలుకుకు రెండు మాటలున్నాయి. ఎస్ అక్షరంతో మొదలయ్యేది విత్తిన అని అర్థమిస్తుంది. సి అక్షరంతో మొదలయ్యేది వదులుకొన్న, ఒకరికి ధారపోసిన అని అర్థమిస్తుంది. మొదటిది ఇంగ్లీషువాడి సొంత పొలంలో పుట్టిన మాట. రెండవది లాటిను నుండి వచ్చి రాజుల ఒడంబడికలలో స్థిరపడింది. ఇంగ్లీషువాడి నోట కూడా రెంటికీ ధ్వనిలో వీసమెత్తు తేడా లేదు. తేడా అంతా వ్రాతలోనే ఉంది. మన లిపి ధ్వనిని పట్టుకొనే లిపి గనుక, తెలుగులోనికి వచ్చేసరికి ఆ వ్రాత తేడా కూడా తుడిచిపెట్టుకుపోయింది. సీడెడ్ అని వ్రాశాక అది విత్తిన నేలో, వదిలేసిన నేలో చెప్పగల సాధనం మన అక్షరాలలో లేదు. రోమను అక్షరాలు నొక్కి తెలుగు పుట్టించే విద్య నేర్చిన మనకు ఇది మరీ వింత. మన మీటలలో ఆ మాటకు ఎస్ తప్ప గత్యంతరం లేదు. అంటే ఆ మాటను తెలుగులో టైపు చేసిన ప్రతిసారీ మన వేళ్ళు విత్తనాన్నే నొక్కుతున్నాయి!

ఇందులో కొంపమునిగే సంగతి ఏముందని అడుగుతారు. ఇంగ్లీషులో ఒకే ధ్వని గల మాటలు కోకొల్లలు, మనవాళ్ళు వాటినన్నిటినీ సుఖంగా వాడుకుంటూనే ఉన్నారు కదా. నిజమే. సైటునే తీసుకోండి. ఊరి బయట సైటు కొన్నాడంటే ఇంటిస్థలం. బస్టాండులో సైటు కొడుతున్నాడంటే వేరే సంగతి, వీపు విమానం మోత మోగే సంగతి. ఇంగ్లీషులో ఈ రెంటికీ వ్రాత వేరు, పలుకు ఒకటి. తెలుగులో వ్రాత కూడా ఒకటే అయినా ఎవడూ పొరబడి స్థలానికి కన్ను గీటడు. పక్కనున్న క్రియాపదం కాపలా కాస్తుంది. హోల్‌సేలు దుకాణంలో చిల్లులు అమ్ముతారని ఎవరూ అనుకోరు. ప్రవేశాల కౌన్సెలింగును సగంమంది కౌన్సిలింగు అని వ్రాస్తున్నారు. శాసనమండలికీ విద్యార్థికి చెప్పే సలహాకీ ఆ విధంగా చుట్టరికం కలిసినా సీట్ల పంపకం ఆగలేదు.

ఇంకో చమత్కారం చూడండి. పుట్టుకకూ, రైలులో పడకకూ ఇంగ్లీషువాడి నోట ఒకటే ధ్వని. మనవాడు మాత్రం ఒకదానిని బర్త్ అనీ, ఇంకొకదానిని బెర్త్ అనీ విడదీశాడు. బర్త్ సర్టిఫికెట్టు పురపాలక సంఘంలో దొరుకుతుంది, బెర్తు డోను జంక్షనులో దొరుకుతుంది, లేదా మంత్రివర్గంలో. చెవితో నేర్చినవాడికి ఈ తేడా రాదు. మన పూర్వులు ఇంగ్లీషును కంటితో నేర్చారు. అక్షరక్రమం చూసి, దానికి తగ్గ పలుకు తామే కల్పించుకొన్నారు. అలా కంటితో వచ్చిన మాటలు తెలుగులో విడివిడిగా బతికాయి. చెవితో వచ్చినవి కలిసిపోయాయి. సీడెడ్ చెవితో వచ్చిన మాట. కచేరీ గుమాస్తా నోటి నుండి జనం నోటికి, అక్కడి నుండి పంపిణీదారుల ఖాతా పుస్తకాలకు నడిచి వచ్చింది.

సైటును కాపాడినట్టు సందర్భం దీనిని కాపాడదు. పైపెచ్చు ముంచుతుంది. నేల పేరు పక్కన సీడు అనే ధ్వని వినబడితే ఎవరికైనా విత్తనమే తట్టాలి. అందునా నంద్యాల చుట్టుపట్ల. బ్రిటిషు కాలం నుండి అక్కడ వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. ఊరు విత్తన వ్యాపారానికి పేరెన్నికగన్నది. ఆడ మొక్క, మగ మొక్క వేరువేరు సాళ్ళలో వేసి, పొద్దున్నే పూలకు చేతితో పుప్పొడి అద్దే పని ఆ పొలాలలో చేసినవారికి సీడు అన్న మాట అన్నం మెతుకంత పరిచయం. ఆ రైతు చెప్పిన జవాబు తర్కానికి నిలుస్తుంది, నేలకు అతుకుతుంది, చెవికి ఇంపుగా ఉంటుంది. ఒక్క చరిత్రకే నిలవదు. ఇంత చక్కని తప్పు దొరికినప్పుడు ఒప్పును వెతికేదెవరు? ఆ మాటలోని అవమానం ఇన్నేళ్ళు నిర్భయంగా తిరగగలిగింది ఈ వేషంలోనే.

ఒప్పు ఏమిటో చెప్పుకుందాం. 1792లోను, 1799లోను టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధాల తరువాత పంపకాలలో ఈ ప్రాంతాలు హైదరాబాదు నిజాం వాటాకు వచ్చాయి. 1800 అక్టోబరులో ఆయన వాటిని ఈస్టిండియా కంపెనీకి వ్రాసి ఇచ్చాడు. ఎందుకు? తన రాజ్యంలో కాపలా ఉండే కంపెనీ సైన్యానికి అయ్యే ఖర్చు కింద. అంటే కొన్ని తాలూకాలను ఎనిమిదేళ్ళు, కొన్నిటిని ఏడాది పైచిలుకు మాత్రమే ఏలిన ప్రభువు, సిపాయిల జీతాల బాకీకి వాటిని చెల్లువేశాడు. కంపెనీ దస్తావేజులలో ఆ జిల్లాలకు సీడెడ్ డిస్ట్రిక్ట్స్ అని పేరు పడింది. థామస్ మన్రో 1800 నుండి 1807 వరకు వాటికి ప్రధాన కలెక్టరు. పాళెగాళ్ళను అణచి, రైతువారీ శిస్తు కట్టి, పేరును స్థిరం చేశాడు. మా ఉపాధ్యాయులుగారు కొనుగోలు చీటీ అన్నది అందుకే. అది దేశం పేరు కాదు, లావాదేవీ పేరు.

తెలుగులో దానిని దత్తమండలాలు అన్నారు. ఇది మరొక మాయ. దత్తము అంటే ఇవ్వబడినది. కాని తెలుగు చెవికి వెంటనే దత్తత వినిపిస్తుంది. ఎవరో ప్రేమగా పెంచుకొన్నట్టు! ఇచ్చుట అనే క్రియలో ఇచ్చినవాడికి చోటుంది, పుచ్చుకొన్నవాడికి చోటుంది. ఇవ్వబడిన జనానికి లేదు. వారిని ఎవరూ అడగలేదు.

పోనీ, ఆ మాట చరిత్ర ప్రకారమైనా సరిగ్గా ఉందా? అదీ లేదు. సినిమా వ్యాపారం సీడెడ్ అనే గీత లోపల వేసుకొనే ఊళ్ళను చూడండి. నంద్యాల, ఆళ్ళగడ్డ అటూ ఇటూ ఉన్న నంద్యాల, సిరివెళ్ళ తాలూకాలు కర్నూలు నవాబు ఏలుబడిలోనివి. 1800లో నిజాం కంపెనీకి బదలాయించినది ఆ నవాబు కట్టే పేష్కషు మీది హక్కును మాత్రమే. నేల కంపెనీ చేతికి వచ్చింది 1839లో, నవాబు గులాం రసూల్ ఖాన్‌ను పదవి నుండి దింపిన తరువాత. అది దానం కాదు, ఆక్రమణ. బనగానపల్లె మరీ విచిత్రం. 1948లో మద్రాసు రాష్ట్రంలో విలీనమయ్యేదాకా అది సంస్థానమే.  తిరుపతి ఉన్న చంద్రగిరి తాలూకా 1801లో ఆర్కాటు నవాబు నుండి వచ్చింది, నిజాముకు సంబంధం లేదు. నిక్కంగా నిజాం ఇచ్చిన బళ్ళారి 1953లో చాలా వరకు మైసూరుకు పోయింది. వెరసి, ఇవ్వనివాటిని లోపల కలుపుకొని, ఇచ్చినదానిలో పెద్ద ముక్కను పోగొట్టుకొన్న పటానికి ఇవ్వబడినది అని పేరు!

సీమవారు ఈ పేరును ఊరకే మోయలేదు. 1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగింది. ఆ సందర్భంలోనే కడప కోటిరెడ్డి అధ్యక్షతన దత్తమండలాల సభ కూడా జరిగింది. అనంతపురం కళాశాలలో పని చేస్తున్న చిలుకూరి నారాయణరావు అక్కడ లేచి, ఈ దత్త అనే మాట మనకొద్దు, రాయలసీమ అందామని ప్రతిపాదించారు. సభ ఒప్పుకొంది. చాలాకాలం ఆ ఘనతను గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారికి కట్టబెట్టేవారు. ఆ వివాదం ఇక్కడ వద్దు. నాకు ముచ్చట గొలిపే సంగతి వేరు. చిలుకూరివారు సీమలో పుట్టినవారు కారు, శ్రీకాకుళం వైపువారు. వృత్తిరీత్యా భాషా పరిశోధకులు, ఆంధ్రభాషా చరిత్రము వ్రాసినవారు. ఆయన పాఠాలు చెప్పిన కళాశాల పేరు కూడా అప్పట్లో సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీయే. రోజూ ఆ పలక కింద నుండి నడిచి లోపలికి వెళ్ళిన మనిషికి ఆ మాట బరువు తెలిసింది. కంటితో ఇంగ్లీషు చదివినవాడు గనుక తెలిసింది.

నంద్యాల నుండి డోనుకు రైలులో వస్తే ఎంతో దూరం లేదు. ఆ తీర్మానం జరిగిన ఊరి సినిమా హాళ్ళ వసూళ్ళను ఇంత కాలం తరువాత కూడా సీడెడ్ గడిలోనే వేస్తున్నారు.

ఎవరు వేస్తున్నారు? రాయలసీమ అన్న మాటను అందరికంటే ఎక్కువగా అమ్ముకొన్నవారే. 1999లో సమరసింహారెడ్డి, 2001లో నరసింహనాయుడు, 2002లో ఇంద్ర వచ్చినప్పటి నుండి తెర మీద సీమ పౌరుషం, సీమ పగ, సీమ గడ్డ అని గొంతు చించుకొన్నారు. సీమ సింహం అని 2002లో, సీమశాస్త్రి అని 2007లో పేర్లు పెట్టి మరీ తీశారు. టిక్కెట్టు కొనేవాడికి వినిపించేటప్పుడు సీమ. డబ్బు లెక్కపెట్టుకొనేటప్పుడు సీడెడ్. కత్తి పట్టడానికి ఒక పేరు, కాసులకు ఇంకొక పేరు.

ఈ వరుసలో పరాకాష్ఠ 2019 అక్టోబరులో వచ్చిన సైరా నరసింహారెడ్డి. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఆళ్ళగడ్డకు, కోయిలకుంట్లకు నడుమనున్న నేలలో పుట్టినవాడు. కంపెనీ చేతికి మారిన ఈ గడ్డ మీద 1846లో తిరగబడి, కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. 1847లో కోయిలకుంట్లలోనే ఉరి తీశారు. నా నేలను ఎవడో ఎవడికో వ్రాసి ఇస్తే నేనెందుకు ఒప్పుకోవాలి అన్నదే ఆ తిరుగుబాటులోని మాట. అతని కథను తెర నిండా చూపించి, మరునాటి నుండి లెక్క వ్రాసేటప్పుడు అతని ఊరిని ఏ గడిలో వేశారు? కంపెనీ గుమాస్తా పెట్టిన గడిలోనే. మన్రో దొర లేచి వచ్చి చూస్తే తన దఫ్తరు ఇంకా నడుస్తోందని సంతోషించేవాడు.

ఇది వట్టి వ్యాపార పరిభాష, దీనికి అర్థం వెతకడం పనిలేనివాడి పని అంటారు కొందరు. ఇంగ్లీషు వాణిజ్య పత్రికలలో ఆ మాటను సి అక్షరంతో, పెద్ద బడిలో, ఏ తప్పూ లేకుండా వ్రాస్తారు. అర్థం తెలియక వ్రాసేవాడు ఎస్ పెట్టి ఉండాలి కదా! తెలుగు పాఠకుడికి మాత్రమే అర్థం అందకుండా పోయింది. ఒకే పట్టిక, ఒక భాషలో నిజం చెబుతుంది, ఇంకొక భాషలో దాస్తుంది.

ఇంకొకరి వాదం కాస్త సూక్ష్మమైనది. అర్థమే తెలియనివాడికి అవమానమెక్కడిది, ఆ రైతు విత్తనమనుకొని గర్వపడుతున్నాడు కదా, పడనివ్వండి అని. నిజం చెప్పాలంటే ఈ వాదం నన్ను కొంతసేపు ఆపింది. ఆయన తప్పు అర్థం ఆ మాట అసలు అర్థం కంటే వెయ్యి రెట్లు గౌరవప్రదమైనది. అందుకే ఆయనను సరిదిద్దమని నేననడం లేదు. పట్టికను సరిదిద్దమంటున్నాను. తెలియనివాడికి పేరు పెట్టి పిలిచి, వాడు పలికితే చాలు అనుకోవడం పెద్దమనుషుల పద్ధతి కాదు. అందునా ఆయన తాతల తరంవారు తెలిసే, సభ పెట్టి మరీ, ఆ పేరును కాదన్నారు.

మరి నైజాం సంగతి ఏమిటి, తెలంగాణవారు భరించడం లేదా అని మూడవ ప్రశ్న. భరించాలో లేదో వారు తేల్చుకోవాలి. వద్దంటే నా చేయి కూడా కలుపుతాను. కాని రెంటికీ తేడా ఉంది. నైజాం అన్నది ఏలినవాడి పేరు. సీడెడ్ అన్నది ఏలినవాడు విదిలించిన వస్తువు పేరు. పట్టికలో ఆ రెండు గడులు పక్కపక్కన ఉండడం చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు. మొదటి వరుసలో దాత, రెండవ వరుసలో దానం. 1948లో ఆ దాత రాజ్యం పోయింది, అంతకు ముందు ఏడాదే పుచ్చుకొన్నవాడు ఓడ ఎక్కాడు. రసీదు మాత్రం మిగిలింది.

ఒప్పందాలలో, హక్కుల పత్రాలలో స్థిరపడిన మాట, మార్చడం కష్టమట. ఇంగ్లీషులో కడప వ్రాసే తీరును 2005లో మార్చారు, రాష్ట్రమంతటి దస్త్రాలూ మారాయి. కర్నూలు జిల్లాలో ఉన్న డోను 2022 ఏప్రిలు 4న నంద్యాల జిల్లాలోకి వచ్చింది. బోర్డులు మారాయి, ముద్రలు మారాయి, ఎవరి పొలమూ ఎండిపోలేదు. అంతెందుకు, వసూళ్ళ పట్టికలోనే ఒకప్పుడు వైజాగ్ అని వ్రాసే గడిలో ఇప్పుడు ఉత్తరాంధ్ర అని వ్రాస్తున్నారు. ఉత్తర సర్కారులు అన్న కంపెనీ కాలపు పేరు ఆ పట్టికలో మచ్చుకైనా కానరాదు. కోస్తా గడులకు కంపెనీ పేరు అంటలేదు, మా గడికి మాత్రం అంటుకొనే ఉంది. ఇది కష్టం కాదు, అశ్రద్ధ.

అన్నట్టు, మా ఊరి పేరు కూడా ఇంగ్లీషు నోట నలిగినదే. ద్రోణాచలం అరిగి డోన్ అయిందని పెద్దలంటారు. ఇంగ్లీషులో వ్రాసేటప్పుడు అందులో ఒక హెచ్ కలిపారు. ఆ హెచ్‌ను నమ్మి కొందరు ధోన్ అని పలుకుతారు. పరాయి ఊళ్ళో మాది డోన్ అంటే, డ్రోనా అంటారు, డానా అంటారు. సీమ సినిమాల పుణ్యమా అని రెండవ ప్రశ్న ఎక్కువ. ఇది నాకు కోపం తెప్పించదు. నోట నలిగిన పేరు నలిగిన పేరే తప్ప, అందులో ఎవరినీ ఎవరికీ ఇచ్చివేయలేదు. రైలు టిక్కెట్టు మీద డోన్ అని ఉంటే నేను దిగవలసిన చోట దిగుతాను. కాబట్టి పరాయి మాటలన్నిటి మీదా కత్తి దూస్తున్నానని ఎవరూ అపార్థం చేసుకోవద్దు. బెర్తు ఉండనివ్వండి, సైటు ఉండనివ్వండి, ఆ మాటకొస్తే నంద్యాల పొలాలలో సీడు పత్తి కూడా నిక్షేపంగా ఉండనివ్వండి.

సీమ అన్న మాటలో రెండే అక్షరాలు. సీడెడ్ కంటే పొట్టి, గడిలో ఇంకా సుళువుగా పడుతుంది. అందరికీ తెలుసు, ఎవరినీ అర్థం అడగనక్కరలేదు. సినిమా కబుర్లు వ్రాసే బ్లాగ్మిత్రులు మనలో చాలామందే ఉన్నారు. వసూళ్ళ పట్టికను ఎక్కడి నుండి తెచ్చి అతికించినా, రెండవ గడి దగ్గర ఒక్క క్షణం ఆగి ఆ ఒక్క మాట కొట్టివేసి సీమ అని వ్రాయండి. ఎందుకు మార్చావని వ్యాఖ్యలలో ఎవరైనా అడిగితే, నంద్యాలలో 1928లోనే మార్చారు, మాకు ఇప్పుడు తెలిసింది అని చెప్పండి.